ఏడుగురు పెళ్ళికొడుకుల వాగు

సుభద్రమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కోడల్ని పావుగంటసేపు ఏకధాటిగా దులిపేసింది. చారులో ఉప్పు రెండుసార్లు పడిందన్న దగ్గర మొదలుపెట్టి, మేడ మీద ఆరిన బట్టలు మళ్ళీ వానకు తడవడం మీదుగా, కప్పల కోసం అడవులు పట్టి తిరిగే మనిషికి సంసారం ఎందుకన్న దాకా వెళ్ళింది. కోడలు సత్యవేణి ఇడ్లీ తుంచి చట్నీలో అద్దుకుంటూ, కిటికీలోంచి మబ్బులు చూస్తూ, హాయిగా కూర్చుంది. చివర్లో ఒకసారి తలెత్తి అత్తగారిని చూసి చల్లగా నవ్వింది కూడా.

ఆ నవ్వుతో సుభద్రమ్మకు గుండె జారింది. పదేళ్ళుగా ఆవిడ ఒకటంటే కోడలు ఒకటిన్నర అనడమే గాని, ఇలా నవ్వి ఊరుకోవడం ఎన్నడూ లేదు. కొడుకును పక్కకు పిలిచి, "ఒరే సూరీ, అమ్మాయికి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. సూరిబాబు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్తాడు, ఏ సంగతైనా పరీక్ష చేసిగాని నమ్మడు. భార్య వెనక్కి వెళ్ళి గరిటెతో పళ్ళెం మీద కొట్టాడు. ఆమె తిరిగి చూసింది. పేరు పెట్టి పిలిచాడు. పలికింది. ఇప్పుడు నువ్వు పిలువు అన్నాడు తల్లితో. సుభద్రమ్మ వీధి చివరికి వినపడేలా "అమ్మాయ్" అంది. సత్యవేణి ఇంకో ఇడ్లీ వేసుకుంది.

కప్పచెవి పెట్టుకుని ఆవేళ్టికి తొమ్మిదో రోజు. అది చేయబోయే తుంటరి పనుల్లో మొదటిది అలా ఇడ్లీల దగ్గర బయటపడింది.

భర్త గొంతు ఎప్పటిలాగే వినపడుతోంది కాబట్టి, తల్లి మాటలు భార్యకు చేరవేసే పని సూరిబాబు మీద పడింది. తల్లి వందంటే అతను రెండు చెప్పేవాడు, ఆ రెండూ కూడా బాగా మెత్తబరిచి. నా మాటలన్నీ నీ దగ్గరే ఆవిరైపోతున్నాయిరా అని సుభద్రమ్మ విసుక్కునేది. అయినా ఆ ఇంట్లో అంత ప్రశాంతంగా గడిచిన నెల ఇంకోటి లేదని పక్కింటావిడ దగ్గర తనే ఒప్పుకుంది.

అసలు ఈ చెవి సంగతి కిందటేడు వానల్లో మారేడుమిల్లి అడవుల్లో మొదలైంది. అక్కడ జాజిలొద్ది అని కొండరెడ్ల చిన్న గూడెం ఒకటి, దాని పైన అదే పేరుతో ఒక జలపాతం ఉన్నాయి. ఆ గూడేనికి చెందిన కత్తుల అచ్చియ్యమ్మకు యాభై దాటాయి. అడవిలోకి పరిశోధనకు వచ్చేవాళ్ళకు దారి చూపిస్తుంది, చుట్ట కాలుస్తుంది, ఆ వాగులో ఎన్ని రకాల కప్పలున్నాయో పేర్లతో సహా చెప్తుంది. ఒకరోజు పొద్దున్నే ఆవిడ చేపల కోసం వాగులో పెట్టిన బుట్టలో బొటనవేలి గోరంత కప్ప ఒకటి చచ్చిపడి ఉంది. వీపు నాచు రంగు, పొట్ట లేత నీలం. తనకు పేరు తెలియని కప్ప తన వాగులో కాపురం ఉండటం ఆవిడకు చిన్నతనంగా తోచింది. దాన్ని తడి అడ్డాకులో చుట్టి, ఆరు మైళ్ళు నడిచి, అటవీశాఖ క్యాంపులో దిగిన సత్యవేణి చేతిలో పెట్టింది.

సత్యవేణి రాజమండ్రి కప్పల లేబొరేటరీలో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. చూడగానే ఆమెకు రెండు సంగతులు తెలిశాయి. అది ఆడకప్ప, ఇంతవరకు ఏ పుస్తకానికీ ఎక్కని జాతి. మూడో సంగతి భూతద్దం కింద తెలిసింది. మామూలు కప్పకు చెవిపొర చర్మం మీదే బిళ్ళలా కనిపిస్తుంది. దీనికి మాత్రం మనిషికి ఉన్నట్టు లోపలికి ఉంది. అంటే జలపాతం హోరును దాటి వినపడటానికి, మన చెవికి అందనంత సన్నటి గొంతుతో పిలుచుకునే జాతి అన్నమాట.

వాగు పొడుగునా మైకులు పెట్టి చూశారు. హోరు అడ్డం రాకుండా కిందిస్థాయి శబ్దాలన్నీ తుడిచేసి, పైస్థాయివి మాత్రమే పట్టారు. తీరా చూస్తే గబ్బిలాలూ కీచురాళ్ళూ రాళ్ళ మీద చిందే నీళ్ళూ అన్నీ అక్కడే కీచుమంటున్నాయి. అందులో ఏది కప్పో యంత్రానికి తెలియలేదు. ఆ కప్పను పోల్చుకోగలిగేది ఆ కప్ప చెవి ఒక్కటే కదా అన్నారు డైరెక్టరు పరాంకుశంగారు. అన్నాక ఆయన ఊరుకునే మనిషి కాదు. చచ్చిన కప్ప చెవిపొరలో ఇంకా బతికున్న కణాలను గాజు పళ్ళెంలో పదినెలలు సాకి, కందిబద్దంత పొరను పెంచారు. దాన్ని మనిషి కర్ణభేరి మీద అంటిస్తే, తను విన్నదాన్ని మనిషికి అందే స్థాయికి దించి లోపలికి పంపుతుంది. ఒక్కటే పొర వచ్చింది. రెండోదానికి కణాలు మిగల్లేదు.

ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పరాంకుశంగారికి చెవిలో పుండు ఉన్నట్టు తేలింది. మిగతా ఇద్దరు పరిశోధకులకూ ఆ వారమే పెళ్ళిచూపులు వచ్చిపడ్డాయి. ఆ లేబొరేటరీలో ఆడమనిషి సత్యవేణి ఒక్కతే, వెనకడుగు వేయనిదీ ఆమె ఒక్కతే. కుడిచెవిలో పెట్టించుకుని, మర్నాడే జాజిలొద్ది వెళ్ళింది.

జలపాతం పక్కన బండ మీద కూర్చున్న పది నిమిషాలకు ఆమెకు హోరు తెరలా పక్కకు తొలగింది. ఆ వెనక సన్నగా, తడి గాజు మీద వేలితో రాసినట్టు, ఒక పిలుపు. దానికి పోటీగా ఇంకోటి. ఇంకోటి. పదకొండేళ్ళుగా కప్పల వెంట తిరుగుతున్న మనిషి ఆ క్షణంలో పసిపిల్లలా చప్పట్లు కొట్టింది, కొట్టి వెంటనే నాలుక కరుచుకుంది. ఎందుకంటే వినే సమయంలో ఎవరూ చిన్న చప్పుడు కూడా చేయకూడదన్న నియమం పెట్టింది తనే.

వారం తిరిగేలోగా లెక్క తేలింది. మొత్తం ఏడు మగకప్పలు. ఏడింటి గొంతులూ వేరువేరుగా పట్టుకుంది. ఒకడిది తొందర, ఒకడు పిలుపు మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయేవాడు, ఒకడు పక్కవాడు ఆపేదాకా ఆపడు. ఏడుగురూ తెల్లవారింది మొదలు పొద్దువాలేదాకా పెళ్ళాం కోసం ఆ తడిబండల మీద గొంతు చించుకుంటున్నారు. పెళ్ళికూతురు మాత్రం ఒక్కతీ లేదు. సూరిబాబు ఫోన్లో నవ్వుతూ, సంబంధాలు చూడకుండా ముందే విడిదింట్లో దిగినట్టున్నారు అన్నాడు. అప్పటినుంచి లేబొరేటరీ కాగితాల్లో తప్ప మిగతా అన్నిచోట్లా వాటికి పెళ్ళికొడుకులనే పేరు స్థిరపడింది.

నవ్వులాటగా చెప్పుకున్నా అది నవ్వులాట సంగతి కాదు. కింద వంతెన దగ్గర వాగులో అప్పటికే ఒక చర్మరోగం దిగింది. కప్పల చర్మం మీద బూజులా పట్టి, వారంలో ఊపిరి ఆపేసే రోగం. నీళ్ళలోంచి నీళ్ళలోకి పాకుతూ, ఏ వారానికావారం కాస్త పైకి ఎక్కుతోంది. జలపాతం దాకా రావడానికి ఎంత లేదన్నా రెండు నెలలు. ఆలోగా ఒక జంటను పట్టుకెళ్ళి లేబొరేటరీలో శుభ్రమైన నీళ్ళలో పెంచగలిగితే ఆ జాతి మిగులుతుంది. మగవాళ్ళను ఏడుగుర్నీ పట్టుకెళ్ళినా ఒరిగేదేమీ లేదు. ఆడకప్ప దొరకాలి.

వెతకడానికి పద్ధతి ఉంది. పద్ధతి లేకుండా పరాంకుశంగారి లేబొరేటరీలో టీ కూడా కాయరు. వాగుకు ఇటు పదడుగులు, అటు పదడుగులు నడవాలి. ప్రతి గంటకూ ఒక ఫారం నింపాలి. అందులో నాలుగు గళ్ళు: టైము, నీటి వేడి, చెవికి వినపడింది, కంటికి కనపడింది. మొదటిరోజే అచ్చియ్యమ్మ ఏదో చెప్పబోతే, మనం మామూలు చెవులతో విన్నదానికి ఇందులో గడి లేదు పిన్నీ, కప్పచెవికి వినపడిందే రాయాలి అని సత్యవేణి నవ్వుతూ అంది. అచ్చియ్యమ్మ తలూపి ఊరుకుంది. ఆ తర్వాత ఆవిడ పని గొడుగు పట్టడం, సత్యవేణి పాదాల మీంచి జలగలు తీయడం, మాట్లాడకుండా ఉండటం. చుట్టపొగకు బొంగురుపోయిన ఆవిడ గొంతు సత్యవేణికి స్పష్టంగానే వినపడేది. కాకపోతే ఆవిడ దాన్ని వాడటం మానేసింది.

చెవి తుంటరితనం మాత్రం రోజురోజుకూ ముదిరింది. సుభద్రమ్మ తర్వాత పనిమనిషి గొంతు పోయింది. ఆ తర్వాత రేడియోలో పాటలు సగం సగం అయిపోయాయి. బస్సులో కండక్టరమ్మ టిక్కెట్టు అడుగుతూ ముందుకొచ్చి భుజం తట్టేదాకా తెలిసేది కాదు. కప్పచెవి ఉన్నది కుడివైపే అయినా, కుడిచెవి మాట ఎడమచెవి కూడా వినడం మొదలుపెట్టింది. చెవుల డాక్టరు పరీక్షించి, తప్పు చెవులది కాదు, మెదడు కొత్తచెవిని నమ్మి అది వద్దన్నవన్నీ వదిలేస్తోంది అన్నాడు. నలభై రోజుల లోపల పొర తీసేస్తే అన్నీ తిరిగొస్తాయి. నలభై దాటితే మెదడులో దారులు మూసుకుపోతాయి, పోయినవి ఇక రావు. పరాంకుశంగారు ఫైలులో 'పైస్థాయి శబ్దాలు తగ్గుముఖం' అని రాసుకున్నారు. కుక్కరు కూత మాత్రం బాగానే వినపడుతోందే అని సూరిబాబు ఒకసారి గొణిగాడు గాని, ఎవరూ పట్టించుకోలేదు.

ఇరవయ్యో రోజున కూతురు వల్లి గొంతు పోయింది.

వల్లికి ఏడేళ్ళు. నిద్రలో తప్ప నోరు మూయని పిల్ల, నిద్రలో కూడా పూర్తిగా మూయదు. మొదట్లో దానికి ఇది పండగలా ఉంది. తల్లి వెనక నిలబడి "అమ్మా, రెండు ఐస్‌క్రీములు తిననా?" అని మర్యాదగా అడిగి, అమ్మ వద్దనలేదు నానమ్మా అని వెళ్ళి చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. ఆ వారంలో ఐస్‌క్రీములు, చెప్పులు లేకుండా వానలో ఆటలు, ఎక్కాలు చదవకపోవడం, అన్నీ తల్లి అనుమతితోనే జరిగాయి. తెలిశాక సత్యవేణి కడుపుబ్బ నవ్వుకుంది.

ముప్ఫై అయిదో రోజు సాయంత్రం అడవి నుంచి ఇంటికి వచ్చేసరికి వల్లికి ముందుపన్ను లేదు. నోరు తెరిచి సందు చూపించింది. ఎలా ఊడిందే అని సత్యవేణి అడిగింది. వల్లి ఉత్సాహంగా నోరు తెరిచింది, ఏదో గుర్తొచ్చి మూసేసింది. నోటుబుక్కు తెచ్చుకుని ఒక జామకాయ, దాని పక్కన ఒక పన్ను బొమ్మ వేసి, తల్లికి చూపించి, వెళ్ళి ఆడుకుంది. అంతే. వీధి పిల్లలందరికీ, పక్కింటావిడకూ, పాలవాడికీ గంటసేపు చెప్పిన కథ తల్లి దగ్గరకు వచ్చేసరికి ఒక జామకాయ అయింది. అప్పుడు సత్యవేణి వెనక్కి తిరిగి ఆలోచించుకుంది. పిల్ల తనను అమ్మా అని పిలవడం ఎప్పుడు మానేసిందో ఆమెకు గుర్తు రాలేదు. కొంగు పట్టి లాగడం, వేలితో చూపించడం, అంతటితో సరిపెట్టుకోవడం దానికి అలవాటైపోయింది. అలిగి ఉంటే బుజ్జగించవచ్చు, పిల్ల అలగలేదు. సత్యవేణి స్నానాలగదిలో కుళాయి విప్పుకుని ఏడ్చింది. ఇంత సంబరంగా పెట్టుకున్న చెవి మీద ఆమెకు మొదటిసారి అసహ్యం వేసింది.

పరాంకుశంగారు మర్నాడు ఆమెను కూర్చోబెట్టి మాట్లాడారు. ఆయన రాతిగుండె మనిషి కాదు, చెప్తుంటే ఆయన కళ్ళే తడి అయ్యాయి. ఇంకొక్క నెల ఉంచుకుంటే ఆడకప్ప దొరకవచ్చు, ఈ పొర తీస్తే చచ్చిపోతుంది, రెండోది లేదు, రేపు రోగం జలపాతం ఎక్కాక మనం అనుకుని ప్రయోజనం లేదు అన్నారు. అందులో ఒక్క మాటా తప్పు కాదు. సత్యవేణి అంతా విని, మళ్ళీ అడవికి ప్రయాణం కట్టింది. బయల్దేరేముందు సూరిబాబు ఆమె సంచీలో గొడుగు పెడుతూ, "నా గొంతు నీకు వినపడుతూనే ఉంటుంది. నాకు బాధ లేదు. వల్లి సంగతి నువ్వే ఆలోచించుకో," అన్నాడు.

ముప్ఫై తొమ్మిదో రోజు ఉదయం జాజిలొద్దిలో సన్నగా వాన. సత్యవేణి బండ మీద కూర్చుని వింటోంది. రెండు రోజులుగా ఇద్దరు పెళ్ళికొడుకులు పలకడం లేదు. రోగం అప్పుడే ఎక్కిందేమోనని ఆమెకు భయం పట్టుకుంది. మిగిలిన అయిదుగురూ మాత్రం వానకు హుషారెక్కి, ముందెన్నడూ లేనంత బాగా పిలుస్తున్నారు. వింటుంటే ఒళ్ళు పులకరించింది. ఈ భూమ్మీద ఈ పాట వినగలిగిన మనిషి తనొక్కతే. ఇంకో రోజు ఆగితే ఈ చెవి ఎప్పటికీ తనదే. ఆ మాట అనుకోగానే వల్లి గీసిన జామకాయ గుర్తొచ్చింది. ఏడేళ్ళ పిల్ల ఎనిమిదేళ్ళది అవుతుంది, పదహారేళ్ళది అవుతుంది, దాని గొంతు మారుతుంది, ఆ మారడం ఊళ్ళో అందరికీ తెలుస్తుంది, తనకు తప్ప. వద్దు అనుకుంది. కప్పలకు క్షమాపణ చెప్పుకుంది కూడా, మనసులోనే.

ఫారం మడిచి సంచీలో పెట్టి, ఈ చెవి తీసేస్తున్నాను పిన్నీ అంది. అచ్చియ్యమ్మ చుట్ట నోట్లోంచి తీసి, తీసేస్తే మళ్ళీ పెట్టుకోవచ్చా అని అడిగింది. లేదని, ఇది చచ్చిపోతుందని, ఇక ఆడకప్ప దొరకకపోవచ్చని సత్యవేణి చెప్పింది.

"తీసెయ్యండి అమ్మాయిగారూ," అంది అచ్చియ్యమ్మ. "ఆ కప్ప సచ్చిపోయి ఏడాదయిపోయింది. ఇంకెన్నాళ్ళని దాని సెవితో ఇంటారు."

పొర ఊడిరావడానికి డాక్టరిచ్చిన మందును సత్యవేణి అయిదు చుక్కలు కుడిచెవిలో వేసుకుని బండ మీద పక్కకు తిరిగి పడుకుంది. కాసేపటికి కందిబద్దంత పొర జారి దూదిలోకి వచ్చింది. దాన్ని చిన్న సీసాలో వేసి మూత పెట్టింది. పెళ్ళికొడుకులు ఒక్కసారిగా మాయమయ్యారు. ఆ చోట్లోకి జలపాతం హోరు వచ్చిపడింది. లేచి కూర్చుని, తల పట్టుకుని, మెదడు పాత చెవులను తిరిగి నమ్మేదాకా గంటన్నరసేపు ఓపిక పట్టింది.

మొట్టమొదట వినపడింది నవ్వు. ఎవరో పెద్దగా, అరమరికలు లేకుండా నవ్వారు. తర్వాత ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడారు. జలపాతానికి పక్కన, పెద్ద బండ అవతల వెదురు పొదల్లోంచి. ఎవరు పిన్నీ వాళ్ళు అంది సత్యవేణి. మా గూడెం ఆడోళ్ళేనండి, కూరకి లేత వెదురు కొమ్ములు కోసుకుంటన్నారు అంది అచ్చియ్యమ్మ. ఈ వేళే వచ్చారా అంటే, వానలు పడ్డ కాడ్నించీ రోజూ వస్తన్నారండి అంది ఆవిడ, ఇందులో విడ్డూరం ఏముందన్నట్టు.

సత్యవేణి లెక్క వేసుకుంది. రోజూ. తను ఈ బండ మీద కూర్చున్న ప్రతిరోజూ. కింద జీపు దగ్గర డ్రైవరు దగ్గితే వినపడింది. కర్రలు మోసుకెళ్ళే మగవాళ్ళ కబుర్లు వినపడ్డాయి. యాభై అడుగుల దూరంలో ఇంతమంది ఆడవాళ్ళు ఉన్నారని తెలియనే లేదు. అత్తగారు, పనిమనిషి, రేడియోలో పాడే ఆడగొంతులు, కండక్టరమ్మ, వల్లి. పైస్థాయి శబ్దాలూ కాదు, పాడూ కాదు. అది ఆడకప్ప చెవి. దానికి కావలసినవి మగగొంతులు. తోటి ఆడవాళ్ళ గొంతులతో దానికి పని లేదు, అందుకే ఒకటొకటిగా తలుపు మూసేసింది. మనుషుల్లో ఆడగొంతుల్ని అలా మూసినప్పుడు, కప్పల్లో ఆడగొంతుల్ని మొదటిరోజే మూసి ఉండాలి. నలుగురు పెద్ద చదువుల మనుషులు కలిసి, ఆడకప్పను వెతకడానికి, ఆడకప్ప మాట వినపడని చెవిని పది నెలలు కష్టపడి తయారుచేశారు.

"పిన్నీ," అంది సత్యవేణి. "నేను విననిదీ, మీరు విన్నదీ, ఇక్కడ ఏదైనా ఉందా?"

"ఉందండి. ఆ వెదురు పొదలో టుక్కు టుక్కుమని ఒకటి," అంది అచ్చియ్యమ్మ. "వోగులో మీవోడు పిల్సాడని మీరు తలూపినప్పుడల్లా, అది బదులు సెప్పినట్టుంటది. అవునో కాదో మీకు తెల్సుద్ది గదా అనుకున్నాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మాట్టాడొద్దన్నారు గదండి. కాయితంలో దానికి గడి లేదని కూడా అన్నారు."

సత్యవేణికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేసింది. అచ్చియ్యమ్మ ముందు నడుస్తుంటే ఆవిడ వెనకే బండ దాటి వెదురు పొదల్లోకి వెళ్ళింది. అది వాగుకు పదడుగుల గీత దాటి నలభై అడుగులు. లేబొరేటరీ పద్ధతి ప్రకారం అక్కడికి ఎవరూ అడుగు పెట్టవలసిన పని లేదు.

కొమ్ములు కోసే ఆడవాళ్ళు పనాపి, అచ్చియ్యమ్మ చెయ్యెత్తగానే నోళ్ళు మూశారు. వాన చినుకుల మధ్య, పొట్టిగా, బోలుగా వినపడింది. టుక్. కాసేపాగి ఇంకో పక్కన. టుక్. నరికిన వెదురు మొదళ్ళలోంచి వస్తోంది. ఆ గూడెంవాళ్ళు వెదురును నేలమట్టంగా కొయ్యరు. నేల మీద ఒక కణుపు, దాని పైన జానెడు బొంగు వదిలి కోస్తారు. మా అమ్మ అట్టా కోసింది, మేమూ అట్టాగే కోస్తాం, భూదేవికి గుక్కెడు నీళ్ళు అట్టేపెట్టాలి గదా అంది వాళ్ళలో ఒకామె. ప్రతి మొదలులోనూ గ్లాసెడు వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. సత్యవేణి మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి ఒకదాంట్లోకి తొంగి చూసింది.

బొంగు గోడకు అతుక్కుని ఉంది. నాచురంగు వీపు, నీలం పొట్ట, బొటనవేలి గోరంత. దాని కింద నీళ్ళలో సగ్గుబియ్యంలా గుడ్లు. ఆ గుడ్ల పక్కన, మునగదీసుకుని కాపలా కాస్తూ, రెండు రోజులుగా పలకని పెళ్ళికొడుకుల్లో ఒకడు. రెండోవాడు మూడు మొదళ్ళ అవతల దొరికాడు, వాడిదీ అదే ఉద్యోగం. పెళ్ళయినోడు ఇంకెందుకు అరుత్తాడండి అంది అచ్చియ్యమ్మ. ఆడవాళ్ళందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వులో ప్రతి గొంతూ సత్యవేణికి విడివిడిగా వినపడింది.

వెతికితే పదకొండు మొదళ్ళలో పదకొండు ఆడకప్పలు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద సంగతి ఆమెకు ఆ తర్వాత తట్టింది. ఇవి వాననీళ్ళు. వాగునీళ్ళు వీటిని తాకవు. రోగం జలపాతం ఎక్కినా ఈ గుడ్ల దాకా రావడం కష్టం. ఇలా కోసిన మొదళ్ళు ఉన్నంతవరకే ఈ కప్ప ఉంటుంది, అవి లేనిచోట వెతికినా దొరకదు. అంటే ఇన్నేళ్ళుగా ఈ జాతిని కాపాడుతున్నది ఈ ఆడవాళ్ళ కొడవళ్ళే. ఆ మాట చెప్తే వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, ఏటో మరి అన్నట్టు మళ్ళీ కొమ్ములు కొయ్యడంలో పడ్డారు.

ఈ వార్త వెంటనే పరాంకుశంగారికి చెప్పాలి. చీకటిపడేలోగా రాజమండ్రి నుంచి కప్పల్ని తీసుకెళ్ళే తడిపెట్టెలూ మనుషులూ బయల్దేరాలంటే ఇప్పుడే చెప్పాలి. జాజిలొద్ది మొత్తానికి ఫోను పలికేది ఒక్కచోటే, జలపాతం పైన ఏనుగురాయి మీద. సత్యవేణి తడిసిన బండలు పట్టుకుని ఎక్కింది. పైకి చేరి ఫోను తీస్తే చార్జింగు నాలుగు శాతమే మిగిలింది. ఒక్క ఫోనుకు సరిపోతుంది. పరాంకుశంగారి నంబరు దాకా వెళ్ళిన వేలు అక్కడ ఆగింది. కింద ఉన్న జీపు డ్రైవరు సాయంత్రం క్యాంపుకు వెళ్ళి చెప్పినా ఆయనకు కబురు రేపటికి అందుతుంది, కప్పలు ఒకరోజు ఆగగలవు అనుకుంది. ఇంటికి చేసింది.

సుభద్రమ్మ ఎత్తింది. "సూరి కాలేజీకి వెళ్ళాడు, ఈ అమ్మాయితో మాట్లాడి ఏం లాభం, గోడకు చెప్పుకున్నట్టే," అని తనలో తను అనుకుంటూ పెట్టేయబోయింది.

"వినపడుతోంది అత్తయ్యగారూ," అంది సత్యవేణి.

నెల రోజులుగా కోడలికి చెప్పాల్సినవన్నీ కూడబెట్టి ఉంచుకున్న మనిషి, తీరా సమయం వచ్చేసరికి ఒక్కటీ గుర్తు రాక, "అన్నం తిన్నావా అమ్మాయ్?" అంది. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చుకోవడం వినపడింది. ఆ తర్వాత ఫోను చేతులు మారింది.

వల్లి మాట్లాడలేదు. ఫోను పట్టుకుని నిలబడింది, ఊపిరి మాత్రం వినపడుతోంది. తల్లితో మాటలు దండగని నేర్చుకున్న పిల్ల, ఆ నేర్చుకున్నది ఇంకా మర్చిపోలేదు. సత్యవేణి కళ్ళు తుడుచుకుంది. మాట్లాడు వల్లీ అంది.

కాసేపటికి, అనుమానంగా, పెదవి చివర్నించి వచ్చింది. "నేను చెప్తే నీకు వినపడుతుందా?"

"వినపడుతుంది నాన్నా."

"గట్టిగా చెప్పక్కర్లేదా?"

"అక్కర్లేదు. మామూలుగా చెప్పు."

"మొత్తం చెప్పనా?"

"మొత్తం చెప్పు."

"అయితే ఉండమ్మా," అంది వల్లి, "స్టూలు తెచ్చుకుంటాను."

స్టూలు గచ్చు మీద ఈడ్చుకొస్తున్న చప్పుడు వంటింట్లోంచి హాలు దాకా వినపడింది. చార్జింగు మూడుకు దిగింది. సత్యవేణి ఇక దాని వైపు చూడలేదు. వానకు తడిసిన ఏనుగురాయి మీద చతికిలబడి, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, మొదలుపెట్టు అంది.